పోలారావు వదిలిన తాడు

"ఆడికి పేరు లేదేటి? ఆడి అమ్మ ఆడికి పేరెట్టనేదేటి?"

"నీకేటి నొప్పి తాతా? ఒరియావోణ్ని ఒరియా అనక ఏటంతారు?"

"అంటే అను. కిందకి దిగినాక అను. బల్ల మీదున్నోణ్ని కేకెయ్యకు. నెత్తి మీద బస్తా ఉంది, కాలి కింద జానెడు బల్ల ఉంది. నువ్వు కేకేత్తే ఆడు తిరిగి సూత్తాడు. తిరిగితే ఏటవుద్దో తెలుసునేటి నీకు?"

"ఏటవుద్ది? బస్తా పడుద్ది. బస్తా మా సేటుది. మజ్జిన నీకేటి పోయింది?"

"మనిషి పోతాడ్రా, మనిషి!"

కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీల వీధి అది. లారీకి ఆనించిన బల్ల పక్కన లోడింగ్ మేస్త్రీ మన్మథరావు చొక్కా గుప్పిట్లో పట్టుకుని ఒక ముసలాయన ఊగిపోతున్నాడు. ఎవడి గురించి గొడవో ఆ ఒరియా కూలీ మాత్రం బస్తా లారీలో పడేసి, నిమ్మళంగా దిగొచ్చి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ తనూ వేడుక చూస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "ఓడ పోలారావుకి మళ్లీ పూనకం వచ్చింద్రా" అన్నాడొకడు.

ఢిల్లీబాబు సైకిలు దిగి ముసలాయన చేతిని చొక్కా నుంచి విడిపించాడు. ఆ చెయ్యి వణుకుతోంది. కోపంతో వణికే చెయ్యి వేరుగా ఉంటుంది. ఇది భయంతో వణుకుతోంది. ఎవరికీ ఏమీ కానిచోట ఈ మనిషికి ఇంత భయం దేనికో ఢిల్లీబాబుకి అంతు పట్టలేదు.

అతను వచ్చింది ఈ పోలారావు కోసమే. రెండువేల మూడు, ఫిబ్రవరి. మన దేశంలో రైలు మొదలై నూటయాభై ఏళ్లు నిండుతున్నాయని పలాసలో రిటైరైన రైల్వేవాళ్లు ఒక చిన్న సంచిక వేస్తున్నారు. టెక్కలిలో డిగ్రీ మధ్యలో వదిలేసి డీటీపీ షాపులో కూర్చుంటున్న ఢిల్లీబాబుకి ఆ పని అప్పజెప్పింది నారాయణరావు మాస్టారు. ఒకప్పటి స్టేషన్ మాస్టరు.

"పోలారావు మీద రెండు పేజీలు రాయి" అన్నాడాయన. "రైల్వేవాళ్ల ఓడ మీద పనిచేశాడు. ఇరవై ఏళ్లు."

"రైల్వేకి ఓడేటి మాస్టారూ? రేపు ఆర్టీసీకి విమానముందంటారు."

"నవ్వకు. నిజం. గంగ మీద వంతెన లేనిచోట్ల రైలు దిగి ఓడెక్కి, అవతల మళ్లీ రైలెక్కేవారు. అన్నిటికీ ఒకటే టిక్కెట్టు. ఆ ఓడ మీద బల్ల పడిపోయి ఒకావిడ చచ్చిపోయింది. కేలావన్ అని ఎవడో తప్పుడు కేకేశాడట. అది గట్టిగా రాయి, అదే అందరూ చదివేది. ఆ మాట దగ్గరికొచ్చేసరికి పోలారావు లేచిపోతాడు. ఎలా రాబడతావో నీ ఇష్టం."

రాబట్టడమంటే ఢిల్లీబాబుకి సరదా. కొత్త పెన్ను కొనుక్కుని మరీ బయల్దేరాడు.

లెవెల్ క్రాసింగు అవతల రెండు గదుల ఇల్లు. గుమ్మంలో పోలారావు భార్య అప్పలమ్మ చాటలో జీడిపప్పు పోసుకుని పొట్టు తీస్తోంది. మొగుడి మొహం చూడగానే పోల్చేసింది.

"గొడవడ్డాడా? బల్ల కనిపిత్తే సాలు ఈ మనిషికి. పెళ్లిలో పందిరికాడ బల్లెక్కినోణ్ని కూడా కిందకి దింపించేసినాడు. కూకో బాబూ. ఏటి, ఈయన మీద పుస్తకం రాత్తావా? రాయి రాయి, అవతల పారీడానికి కాయితాలు బోలెడుంతాయి కదా నీకాడ."

"నువ్వూరుకోయే" అన్నాడు పోలారావు. కానీ ఓడ మాట ఎత్తేసరికి ఆయన మొహం మారిపోయింది. పదేళ్లు తగ్గిపోయాడు.

ఊరు ఉద్దానంలో జలంత్రకోట. కొబ్బరితోటలో నీళ్లు మోసిన కుర్రాడు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఉన్న మేనమావ రమ్మంటే అరవై ఒకటిలో వెళ్లాడు. ఖలాసీ పని దొరికింది. కాగితం నింపే గుమాస్తా మీదేవూరని అడిగాడు. చెప్పాడు. అదెక్కడన్నాడు. "సముద్రానికి దగ్గర" అన్నాడు పోలారావు. గుమాస్తా తలూపి ఏదో రాసుకున్నాడు. నెల తిరక్కుండా ఓడ మీదకి పంపించేశారు. సముద్రం వాసన తగిలేచోట పుట్టినవాడికి నీళ్లంటే లెక్కుండదనుకున్నారు కాబోలు.

"నాకు ఈతే రాదు బాబూ. ఉద్దానపోడికి ఈతెందుకు? సెట్టెక్కడం వచ్చు, మాను దిగడం వచ్చు. సెప్తే ఉజ్జోగం పోద్దని నోరు మూసుకున్నాను."

బెల్వా ఘాటు ఆ రేవు పేరు. అవతలి ఒడ్డు పీపర్ ఘాటు. మధ్యలో గంగ నాలుగు మైళ్లు. ఓడ పేరు కౌశికి. రెండు పక్కలా ఇంటంత చక్రాలు, నీళ్లని దంచుకుంటూ పోయేది. బొగ్గు పొగ. మీద అంతస్తులో దొరలకి కుర్చీలు, కింద అంతస్తులో మూడో తరగతి జనం, మేకలు, పెరుగు కుండలు, పెళ్లికూతుళ్లు, శవాలు. ముందు కొసన ఒకడు వెదురుగడ నీళ్లలో దించుతూ లోతెంతో పాటలాగా అరుస్తూ ఉండేవాడు. వాడి పాట ఆగిందంటే ఓడ ఇసకలో దిగబడినట్టే. అప్పుడు అయిదువందల మంది ప్రయాణికులూ ఎడమవైపుకీ కుడివైపుకీ పరుగెత్తాలి, ఓడ ఊగి బయటపడేదాకా.

"స్టేషన్‌కి కాళ్లుండేయి" అంది అప్పలమ్మ నవ్వుతూ. "నిజం బాబూ. యేటా వరదకి గంగ పక్కకి జరిగిపోతాది. అది జరిగితే స్టేషనూ జరగాల. పట్టాలు పీకి ఇసక మీద మళ్లీ ఏసీవోరు. ఊరు పేరు రాసిన బోర్డు ఎడ్లబండి మీదెట్టుకుని తోలుకెల్లిపోయీవోరు. మా ఇల్లూ అంతే. గడ్డి ఇల్లు. నా కాపరం పదకొండుసార్లు బండెక్కింది."

ఢిల్లీబాబు గబగబా రాసుకుంటున్నాడు. స్టేషను బోర్డు ఎడ్లబండెక్కడమేమిటి? పలాసలో పుట్టి, రైలు కూతకి నిద్రలేచి, ఇంతకాలం తనకి రైల్వే అంటే తెలుసనుకున్నాడు.

"అక్కడోళ్లకి మన ఊసే తెలీదు. మేం మాటాడితే ఒరియా అనుకునీవోరు. తెలుగోళ్లమని సెప్పినా ఎవుడింటాడు? ఈయన్ని ఓడ మీద అందరూ ఒరియా అనే పిలిసీవోరు. ఒరియా ఇలగరా, ఒరియా అలగెల్లు. నన్ను ఒరియాయిన్ అనీది ఆ పులమతి."

"పులమతెవరు?"

అప్పలమ్మ చేతిలో పప్పు చాటలో పడేసింది. మొహం గట్టిపడింది.

"ఆ కేలావన్ పెళ్లాం. నాకు రొట్టి కాల్సడం నేర్పింది అదే. నా పెద్దోడు పుట్టినప్పుడు నీళ్లు పోసింది అదే. కాదన్ను. కానీ దాని మొగుడు ఒక ఆడకూతుర్ని సంపీసినాడు. డెబ్బై రెండు, మాఘమాసం. గంగ తానాలకి జనం సీమల్లాగ వచ్చీసినారు. బల్ల మీద మనుసులుండగానే ఆ సచ్చినోడు తాడొగ్గీమని కేకేసినాడు. ఈయన ఒగ్గీసినాడు. కేకేత్తే ఒగ్గాలి కదా మరి, ఉజ్జోగం. తిరిగి ఆడేటన్నాడో తెలుసా, నాను ఆ కేక ఎయ్యనేదన్నాడు. దొంగనాయాలు."

"అప్పలమ్మా" అన్నాడు పోలారావు.

"ఉండు, సెప్పనీ. పులమతి ఆ రేతిరే మా గుమ్మంలోకొచ్చింది. నా కాళ్లట్టుకుంది. నీ మొగుణ్ని సాయిబు కాడ ఒక్క మాట సెప్పమనక్కా, ఒక్క మాట, అని ఏడుత్తంది. ఆ మాటేటో నాకు సరీగ్గా బోదపడనేదు, నా హిందీ అంతంతమాత్తరం. ఈయన్నడిగాను. అబద్దం ఆడమంతందే అన్నాడు. నాకు ఒల్లు మండిపోయింది బాబూ. నా మొగుడి సేత అబద్దమాడిత్తావా అని జుట్టట్టుకుని గుమ్మం బయటికి ఈడ్సీసినాను. సంకలో గుంటతో ఇసకలో పడింది. పడనీ. రాసుకో, ఇది కూడా రాసుకో."

పోలారావు లేచి నిలబడ్డాడు. నారాయణరావు మాస్టారు చెప్పినట్టే. కానీ ఈసారి వెళ్లిపోలేదు. "నాతో రా బాబూ" అన్నాడు.

ఇద్దరూ పట్టాల వెంబడి నడిచి ప్లాట్‌ఫారం చివరికి వెళ్లారు. సిమెంటు బెంచీ మీద ఎవరూ లేరు. విశాఖ వైపు వెళ్లే గూడ్సు పోతోంది. అది పోయాక ముసలాయన మొదలెట్టాడు.

"తాడు సంగతి సెప్తాను, ఇను. ఓడకీ రేవుకీ మజ్జిన బల్ల ఏత్తారు. ఓడ నీటి మీద లెగుత్తాది, దిగుత్తాది కదా. అందుకని బల్ల ఓడేపు కొస తాడుకి ఏలాడుద్ది. ఆ తాడు గుంజకి ఒక సుట్టు సుట్టి ఒకడు పట్టుకునుంతాడు. ఆరోజు నాను. ఓడ మీద రెండే కేకలు. హాబీస్ అంటే లాగమని. ఆరియా అంటే ఒగ్గీమని. సదువుకున్న మాటలు కాదు, ఎవుడికీ అర్తం తెలీదు. సెవిలో పడితే సెయ్యి కదుల్తాది, అంతే."

"ఆరియా" అన్నాడు ఢిల్లీబాబు. రాయబోయి ఆగాడు. పెన్ను కాగితం మీదే నిలబడిపోయింది.

"ఆ, అదే" అన్నాడు పోలారావు. "నీకు బేగినే తగిలింది."

ఢిల్లీబాబుకి పొద్దున్న లారీ దగ్గర ఆ చెయ్యి ఎందుకు వణికిందో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

"మంచు. తెల్లారగట్ట నుంచి తాడట్టుకుని నిలబడ్డాను. వేళ్లు కొంకర్లు పోయినాయి. రామ్‌ఖేలావన్, మీరనీ కేలావనే, ఓడ మీద నాతోటి ఖలాసీ, నా ఈడోడు. మంచోడు. నాను సలికి సచ్చిపోతన్నానని మట్టి ముంతలో టీ పట్టుకుని మెట్ల మీంచి వత్తన్నాడు. ఇంజను రొద. జనం గోల. ఆడు నన్ను కేకేసినాడు. ఒరియా, అని. నా పేరట్టుకుని పిలిసినాడు బాబూ. టీ తాగమని. నా సెవిలో ఆరియా అని పడింది. నా సెయ్యి ఒగ్గీసింది."

బల్ల మీద ఇద్దరున్నారు. మొగుడూ పెళ్లాం. ఇద్దరూ చక్రానికీ రేవుకీ మధ్యలో పడ్డారు. మొగుణ్ని వెదురుగడ వేసి లాగారు. రెండు చేతుల్లో మూటలతో బల్లెక్కినవాడు టిక్కెట్లు పళ్ల మధ్య పెట్టుకున్నాడట. పైకి వచ్చేసరికి మూటలు లేవు. పళ్ల మధ్య టిక్కెట్లు మాత్రం ఉన్నాయి. రెండు. అవి తియ్యడానికి నోరు తెరవమంటే తెరవలేకపోయాడు. నలుగురు పట్టుకుని దవడ విడదియ్యాల్సి వచ్చింది. ఆవిడ దొరకలేదు.

ఢిల్లీబాబు రాయడం మానేశాడు. "తాతా, ఇది పొరపాటు కదా. నీదీ కాదు, ఆయందీ కాదు. అలగే సెప్పుంటే అయిపోయీది కదా."

"అలగే సెప్పినాడు ఆడు."

మూడో రోజు ఇసక మీద గుడారంలో విచారణ. మేజా వెనక ఆఫీసరు, పక్కన గుమాస్తా. రామ్‌ఖేలావన్ ఉన్నదున్నట్టు చెప్పాడు. సాబ్, నేను ఆరియా అనలేదు, టీ కోసం ఇతన్ని పిలిచాను, ఇతన్ని మేమందరం ఒరియా అంటాం. ఆఫీసరు పోలారావు సర్వీసు కాగితం తెప్పించాడు. వేలు పెట్టి చదివాడు. ఊరు జలంత్రకోట. జిల్లా శ్రీకాకుళం. మాతృభాష తెలుగు. ఇతను ఒరియా కాదే, మరి ఒరియా అని ఎందుకు పిలుస్తావని రామ్‌ఖేలావన్‌ని గద్దించాడు. తర్వాత పోలారావు వైపు తిరిగాడు.

"ఏటిన్నావని అడిగినాడు. ఆరియా అని ఇన్నాను అన్నాను. అది నిజిం. మరో మాట అడిగినాడు. నిన్నెవరైనా ఒరియా అని పిలుత్తారా?"

పోలారావు పట్టాల వైపు చూస్తున్నాడు.

"లేదు సాబ్, అన్నాను."

ప్లాట్‌ఫారం మీద ఎవరో నీళ్ల కుళాయి కట్టకుండా వదిలేశారు. ఆ చప్పుడే వినిపిస్తోంది. ఇప్పటిదాకా ఢిల్లీబాబుకి ముసలాయన మీద జాలేసింది. ఇప్పుడు పక్కన కూర్చున్న మనిషి ఎవరో తెలియనట్టు బెంచీ మీద జరిగి కూర్చున్నాడు.

"మిగతావోళ్లు?"

"ఎవుడూ నోరు మెదపనేదు. మెదిపితే నిన్నూ అడుగుతారు, నువ్వక్కడేటి సేత్తన్నావని. అందరికీ పెళ్లాం పిల్లలున్నారు. ఆడికీ ఉన్నారు."

"ఉద్యోగం పోయిందా?"

"ఆరోజే. పోయినోడు ఎల్లిపోయినా బాగుండీది. ఎల్లలేదు. అదే రేవులో, అదే ఇసక మీద సెనగలు అమ్ముకున్నాడు. పదేళ్లు. నాను ఓడ మీంచి దిగినప్పుడల్లా ఎదురొచ్చీవోడు. ఏ ఒరియా, సెనగలు తిను, అనీవోడు. అందరికీ ఇనపడీలాగ. గట్టిగా. నవ్వుతూనే. అది ఎత్తిపొడుపో, పాత పేమో, పదేళ్లలో నాకు తెలీనేదు. పొట్లం తీసుకునీవోణ్ని. తినీవోణ్ని."

"ఒక్కసారి కూడా ఆయన్తో అననేదా? తప్పయిపోయిందని?"

"రోజుకి రెండుసార్లు అనుకున్నాను."

"అనుకోడం కాదు తాతా. అన్నావా?"

"అన్నేదు."

ఎనభై రెండులో వంతెన తెరిచారు. కౌశికి ఆఖరి ట్రిప్పుకి పూలదండలు కట్టారు, బాజా పెట్టారు. నెలలో దాన్ని ముక్కలు కోసి తుక్కుకి అమ్మేశారు. ఖలాసీలందర్నీ తలో దిక్కూ పంపేశారు. పోలారావుకి పలాసలో గేటు కాపలా పని వచ్చింది, సొంత జిల్లా కదా అని. మూడేళ్ల తర్వాత, ఇంట్లో ఖరగ్‌పూర్ పని అని చెప్పి, ఒక్కడూ బెల్వా ఘాటు వెళ్లాడు. రేవు లేదు. గుడారం వేసిన ఇసక లేదు. గంగ మైలున్నర అవతలికి జరిగిపోయి, స్టేషను ఉన్నచోట మొక్కజొన్న చేను ఉంది. సెనగల రామ్‌ఖేలావన్ ఎక్కడని అడిగితే చేలో పనికొచ్చిన కొత్తవాళ్లకి ఆ రేవు పేరే తెలియలేదు.

"మరి ఇన్నాళ్లూ నోరు మూసుకున్నావు. ఇప్పుడెందుకు సెప్తన్నావు?" ఢిల్లీబాబు గొంతులో మర్యాద పోయింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"నోటి మాట వేరు. అప్పలమ్మ ఆణ్ని తిట్టుద్ది, పలాసలోనే ఆగిపోద్ది. నువ్వు అచ్చేత్తావు. నారాయణరావు బాబు ఆడి పేరు ఎయ్యమన్నాడంట కదా. అచ్చేత్తే ఇంక ఆడే సంపీసినోడు. నాను పోయినా, ఆడు పోయినా, ఆ కాయితం ఉంతాది. ఒకసారి ఒక కాయితం మీద నా నోటితో ఆణ్ని ముంచీసినాను. రెండోసారి నా వల్ల కాదు బాబూ."

ఢిల్లీబాబుకి ఆ రోజు ఇంటికి వెళ్లాక కూడా ఆ టిక్కెట్ల మాటే తల్లోంచి పోలేదు. నాలుగు రోజులు రాశాడు. కొట్టేశాడు, మళ్లీ రాశాడు. నారాయణరావు మాస్టారు చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"నేను వాణ్ని ఇరవై ఏళ్లుగా ఎరుగుదును రా" అన్నాడు. "గేటు దగ్గర ఒక్క రోజు నిద్రపోలేదు. పండుముసలిది గేటు దాటుతున్నా చేత్తో పట్టుకుని దాటించేవాడు. నేను మెచ్చుకునేవాణ్ని." కాగితాలు తిరిగిచ్చేశాడు. "వాడు సంతకం పెడితే వేస్తాను. పెట్టకపోతే చింపేద్దాం. ఓడ సంగతులొక్కటే వేద్దాం."

మర్నాడు ఢిల్లీబాబు వెళ్లేసరికి అప్పలమ్మ వీధి చివర కుళాయి దగ్గర ఉంది. పోలారావు కాగితాలు తీసుకుని గుమ్మంలో వెలుతురుకి కూర్చుని, వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ ఒక్కో మాటా చదివాడు. గంట పట్టింది. ఒక్కచోట పెన్ను అడిగాడు. విచారణలో పోలారావు పొరపాటున లేదు సాబ్ అన్నాడని ఢిల్లీబాబు రాశాడు. ఎలాగైనా ముసలాయన మీద కొంచెం దయ చూపిద్దామని. పోలారావు "పొరపాటున" అన్న మాట మీద రెండు గీతలు కొట్టాడు.

"తాడు పొరపాటు" అన్నాడు. "ఇది కాదు."

చివర్న సంతకం పెట్టాడు. తెలుగులో, ఇంటిపేరుతో సహా. ఢిల్లీబాబు కాగితాలు మడిచి సంచిలో పెట్టుకోబోయాడు. ముసలాయన అతని మణికట్టు పట్టుకున్నాడు. వీధి చివర అప్పలమ్మ బిందె చంకనెత్తుకుని, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూ వస్తోంది.

"అచ్చుకి ఇచ్చీకముందు ఒక పని సెయ్యాల బాబూ నువ్వు. దానికి సదవడం రాదు. నువ్వు సదివి ఇనిపించు. ఇప్పుడే. నాను సెప్పలేను, ముప్పై ఏళ్లనుంచి సెప్పలేకపోతన్నాను. నాను దాని పక్కనే కూకుంతాను, ఎక్కడికీ లెగను. మొదట్నించీ సదువు, బోర్డు బండెక్కిన సంగతి కూడా సదువు, అదంటే దానికి ఇట్టం. పులమతి గుమ్మంలోకొచ్చిన కాడ మాత్తరం గబగబా సదివీకు. నిమ్మలంగా సదువు. అది ఏడిసినా, నన్ను కొట్టినా నువ్వు సదువుతూనే ఉండు. మజ్జిలో నాను ఆపమంతాను బాబూ, నాకు తెలుసు. ఆపకు."